ఐదు రోజుల తిరువయ్యారు

తంజావూరు నుంచి తిరువయ్యారుకు 13 కిలోమీటర్లు. బస్సులో అరగంట ప్రయాణం. ఏటా పుష్య బహుళ పంచమితో ముగిసే ఆరాధనోత్సవాల ఐదు రోజులూ ఈ చిన్న పట్టణంలో కాలు మోపడానికి చోటుండదు. కావేరీ తీరాన వేసిన పందిట్లో విద్వాంసులు బారులు తీరి కూర్చుని త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుగా ఆలపిస్తారు. ఆకాశవాణి, దూరదర్శన్ ఆ గానాన్ని దేశమంతటికీ అందజేస్తాయి. ఉత్సవం ముగియగానే ఊరు మళ్లీ మామూలు వ్యవసాయ పట్టణమవుతుంది. మిగిలిన ఏడాది పొడవునా వచ్చే యాత్రికులు సమాధిని దర్శించి, పంచనదీశ్వరుని ఆలయం చూసుకుని తంజావూరుకు మళ్లుతారు. వారి బస, భోజనం, కొనుగోళ్లు చాలావరకు అక్కడే. తిరువయ్యారుకు దక్కేది పూలు, కొబ్బరికాయల బేరం మాత్రమే.

ఈ విషయంలో పోల్చి చూడదగిన ఊరు అమెరికాలో ఒకటి ఉంది. మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్ పత్తి పండే నేలపై వెలసిన పట్టణం. ఆ పొలాల్లో పనిచేసిన నల్లజాతి కూలీల పాటల నుంచే బ్లూస్ సంగీతం రూపుదిద్దుకుంది. 1944లో ఊరి పొరుగునే ఉన్న హాప్సన్ క్షేత్రంలో విత్తనం నాటడం నుంచి పత్తి తీయడం దాకా మొత్తం పనిని యంత్రాలతోనే పూర్తిచేసి చూపారు. దానితో కూలీల అవసరం తగ్గింది. ఉత్తరాది నగరాలకు అంతకుముందే మొదలైన వలస మరింత పెరిగింది. 1980లో 21 వేలున్న జనాభా 2020 నాటికి 15 వేల లోపునకు పడిపోయింది. పేదరికం నేటికీ పోలేదు. ఇటువంటి ఊరు 1979లో డెల్టా బ్లూస్ మ్యూజియం ప్రారంభించింది. 1999లో దానిని పాత రైల్వే సరుకుల డిపోలోకి మార్చారు.

మడ్డీ వాటర్స్ అనే సుప్రసిద్ధ గాయకుడు క్లార్క్స్‌డేల్ సమీపంలోని స్టోవాల్ క్షేత్రంలో ట్రాక్టరు నడిపేవాడు. 1941లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున అలన్ లోమాక్స్ అక్కడికి వెళ్లి అతని పాటలు రికార్డు చేశాడు. రెండేళ్లకు అతడూ షికాగో చేరాడు. శిథిలమైన అతని కర్ర ఇంటిని ఎవరూ పారవేయలేదు. దాని దుంగలను మ్యూజియంలోకి తరలించారు. ఊడిన ఒక చెక్కతో రాక్ సంగీతకారుడు బిల్లీ గిబ్బన్స్ గిటారు చేయించి, దానిని ఊరూరా ప్రదర్శింపజేసి మ్యూజియానికి విరాళాలు పోగుచేశాడు. 1937లో రోడ్డు ప్రమాదంలో గాయపడిన గాయని బెస్సీ స్మిత్ కన్నుమూసిన నల్లజాతీయుల ఆసుపత్రి తర్వాత రివర్‌సైడ్ హోటలుగా మారింది. వర్ణవివక్ష కాలంలో నల్లజాతి సంగీతకారులకు బస దొరికిన చోటు అది. రాబర్ట్ జాన్సన్ సైతానుకు ఆత్మను అమ్మి గిటారు విద్య నేర్చాడని కట్టుకథ చెప్పే 61, 49 నంబరు రహదారుల కూడలిలో కూడా నీలి గిటార్ల గుర్తు నిలబెట్టారు. కథ నిజమా అని అడిగేవారు తక్కువ. ఫోటో దిగేవారు ఎక్కువ.

అయితే సందర్శకుణ్ణి రాత్రికి ఆపేది ఇవేవీ కావు. ఆపేది సంగీతమే. ఏడాదిలో ఏ రాత్రి వచ్చినా ఎక్కడో ఒకచోట బ్లూస్ వినవచ్చునని ఆ ఊరు ప్రకటించుకుంటుంది. పాట రాత్రివేళ గనుక వచ్చినవాడు గది తీసుకోక తప్పదు, భోజనం చేయక తప్పదు. సినీనటుడు మోర్గన్ ఫ్రీమన్ భాగస్వామిగా 2001లో తెరిచిన క్లబ్బు మొదలు చిన్న చిన్న పాటల కొట్ల వరకు ఈ సూత్రంపైనే నడుస్తున్నాయి.

తిరువయ్యారుకు వస్తే, చూపదగినది ఇక్కడ తక్కువేమీ కాదు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో జన్మించినా జీవితమంతా గడిపింది ఇక్కడి తిరుమంజన వీధిలోనే. తెలుగులో వందలాది కీర్తనలు వెలసింది ఆ ఇంట్లోనే. నేడు అక్కడ కనిపించేది ఆ ఇల్లు కాదు. పాత కట్టడాన్ని తొలగించి ఆ చోట కొత్త స్మారక భవనం కట్టారు. భక్తితో చేసిన పనే కావచ్చు. కానీ కూలీ గాయకుడి ఇంటి దుంగలకు దక్కిన పాటి మన్నన వాగ్గేయకారుని గోడలకు దక్కలేదు.

సమాధి కథ వేరు. 1847 జనవరి 6న స్వామి సిద్ధి పొందిన తర్వాత అర్ధశతాబ్దం గడిచేసరికి ఆ చోటు గుర్తుపట్టలేని స్థితికి చేరింది. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వెదకి బాగుచేయించారు. ఆ తర్వాత ఆరాధనలు మొదలయినా విద్వాంసులు రెండు కక్షలుగా చీలిపోయారు. సమాధి ఆలనాపాలనా ఎవరికీ పట్టలేదు. ఆ దుస్థితి బెంగుళూరు నాగరత్నమ్మకు ఆమె గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలిసింది. దేవదాసి కులంలో పుట్టిన ఆమె మద్రాసులో పేరు, ధనం గడించిన గాయని. ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించి, ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఆమెయే. ఆమె ఆ స్థలాన్ని సంపాదించి 1921లో పని ప్రారంభించారు. నగలు సహా తన ఆస్తిని అమ్మి ఆలయం కట్టించారు. 1925 జనవరిలో కుంభాభిషేకం జరిగింది.

ఆలయం కట్టించిన మనిషికి అక్కడ పాడే హక్కు లేదు. స్త్రీలు ఆరాధనలో పాడరాదని ఇరు కక్షలవారూ, తక్కిన అన్నింటిలో విభేదించినా, ఏకాభిప్రాయంతో ఉండేవారు. నాగరత్నమ్మ 1927లో స్త్రీల కక్షను ఏర్పరచి వేరుగా ఆరాధన నడిపారు. 1940 దశకం ఆరంభంలో మూడు కక్షలూ ఏకమయ్యాకే స్త్రీ పురుషులు కలిసి పాడడం, పంచరత్నాల సామూహిక గానం స్థిరపడ్డాయి. నేడు టీవీలో చూసే సంప్రదాయం వయస్సు ఇంకా నూరేళ్లు కాలేదు. 1952లో ఆమె మరణించారు. స్వామి సన్నిధికి అభిముఖంగా, చేతులు జోడించి కూర్చున్న ఆమె విగ్రహం ఉంది. చాలామంది అటు చూడకుండానే వెనుదిరుగుతారు. ఈ వృత్తాంతాన్ని చక్కగా చెప్పగల మ్యూజియం ఒకటి ఉంటే యాత్రికుడు మరో రెండు గంటలు ఊళ్లో ఉంటాడు. సమాధి దాపున రోజూ సాయంత్రం గంటసేపు కచేరీ జరిగితే రాత్రికీ ఉంటాడు. పాడేవారికి లోటు లేదు. ప్రభుత్వ సంగీత కళాశాల ఊళ్లోనే ఉంది.

పాత వ్రాతప్రతుల విషయమూ ఇటువంటిదే. శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన పరంపరవారు భద్రపరచిన తాళపత్రాలు, కాగితాలు మదురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. వాటిని చూడగోరువారు మరో పూట ప్రయాణం చేయాలి.

తెలుగు ప్రాంతంలోనూ పరిస్థితి ఇంతకంటే మెరుగు కాదు. అన్నమయ్య తాళ్లపాకకు రాజంపేట దారిలో 108 అడుగుల విగ్రహం గుర్తు. విగ్రహాన్ని రోడ్డుమీది నుంచే చూడవచ్చు గనుక ఊళ్లోకి వెళ్లేవారు తక్కువ. క్షేత్రయ్య మొవ్వకూ కూచిపూడికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే అయినా, కూచిపూడి చూసినవారందరూ మొవ్వ గోపాలుని చూడరు.

తిరువయ్యారు వెళ్లేవారు జనవరి రద్దీని తప్పించుకోదలిస్తే నృసింహ జయంతి రోజులను ఎంచుకోవచ్చు. తంజావూరుకు సుమారు 20 కిలోమీటర్లలో ఉన్న మెలట్టూరులో అప్పుడు భాగవత మేళ నాటకాలు ఆడతారు. అచ్యుతప్ప నాయకుని కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల సంప్రదాయమిది. ప్రహ్లాద చరిత్రము ఆడేది పురుషులే, స్త్రీ పాత్రలూ వారివే. చూసేవారు తమిళులు. నాటకం తెలుగు. తెల్లవారే దాకా సాగుతుంది.