చర్మం మనకు అమానత్

చాంద్‌రాత్ నాడు మన ఆడపిల్లలు అరచేతుల నిండా గోరింటాకు పెట్టుకుంటారు. పండుగ వెళ్ళిన రెండు మూడు వారాలకు ఆ ఎరుపు కనబడకుండా పోతుంది. నీళ్ళకు కడుక్కుపోయిందని అనుకుంటాం. నిజానికి రంగు పట్టిన పొరే రాలిపోతుంది. చర్మం నిర్మాణాన్ని అర్థం చేసుకోవటానికి ఇంతకన్నా తేలికైన పాఠం లేదు.

చర్మంలో ప్రధానంగా మూడు పొరలున్నాయి. పైనున్నది బాహ్యచర్మం. దాని అడుగున కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి మెల్లగా పైకి జరిగి, చదునై, చనిపోయి, పొలుసులుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు 4 వారాలు పడుతుంది. రెండోది అంతశ్చర్మం. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు ఉండేది ఇక్కడే. అన్నిటికీ అడుగున కొవ్వు పొర ఉంటుంది. అది దెబ్బల నుంచి, చలి నుంచి కాపాడుతుంది.

అన్నిటికన్నా పైనుండే మృతకణాల పొరను వైద్యులు ఇటుక గోడతో పోలుస్తారు. కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం. ఈ గోడ ఒంట్లోని తేమను ఆవిరైపోనివ్వదు. బయటి క్రిములను లోనికి రానివ్వదు. చర్మ సంరక్షణ అంటే ఈ గోడను కాపాడుకోవటమే.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసే మనకు ఈ విషయం మరీ ముఖ్యం. మంచినీటితో వుజూ చేస్తే చర్మానికి హాని లేదు. అయితే చలికాలంలో మరీ వేడినీళ్ళు వాడితే, ప్రతిసారీ సబ్బు రుద్దితే గోడలోని సున్నం కరుగుతుంది. చర్మం ఉపరితలానికి కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది. మామూలు సబ్బుది క్షార గుణం. అందుకే సబ్బు ఎక్కువైతే చర్మం బిగుసుకుని, పొడిబారి, దురద పెడుతుంది. గోరువెచ్చని నీరు చాలు. మురికి లేనప్పుడు సబ్బు అవసరం లేదు.

వుజూ తరువాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి. తుడుచుకోవటంలో తప్పు లేదని ఎక్కువమంది ఉలమా అభిప్రాయం. తేమ పూర్తిగా ఆరకముందే కాస్త కొబ్బరినూనెగాని వాజిలైన్‌గాని రాస్తే ఆ తేమ నిలుస్తుంది. అరికాళ్ళలో నూనె గ్రంథులు ఉండవు. మడమలు అంత తేలికగా పగలటానికి ఇదొక కారణం. కనుక రాత్రి ఇషా తరువాత మడమలకు తప్పక రాయాలి. ఒంట్లో ఇంకిన నూనె వుజూకు అడ్డు కాదు. పూత మందంగా పేరుకుంటే తుడిచేసి వుజూ చేయాలి.

కాలివేళ్ళ సందుల సంగతి వేరు. అక్కడ తడి నిలిస్తే చర్మం తెల్లగా నాని, చీలి, ఫంగస్ చేరుతుంది. వుజూలో వేళ్ళ మధ్య వేలు పోనిచ్చి కడగాలని దైవప్రవక్త (స) బోధించారు. కడిగినంత శ్రద్ధగా ఆ సందులను ఆరబెట్టాలి కూడా. అక్కడ నూనె, క్రీములు రాయకూడదు.

మధుమేహం ఉన్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ వ్యాధి ముదిరితే పాదాల్లోని నరాలు మొద్దుబారుతాయి. పుండు పడినా నొప్పి తెలియదు, నీళ్ళు కాలుతున్నా తెలియదు. చిన్న చీలిక పెద్ద పుండై, కాలు తీసేసే దాకా రావచ్చు. ఇంట్లో ఇలాంటి పెద్దలుంటే నీళ్ళ వేడి మనమే చూసి ఇవ్వాలి. రోజుకొకసారి వారి అరికాళ్ళు, వేళ్ళ సందులు పరిశీలించాలి. నీరు తగిలితే హాని అని వైద్యుడు చెప్పిన రోగికి తయమ్ముమ్ వెసులుబాటు ఉంది. ఆ విషయంలో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఇక మన ఇళ్ళలో చాపకింద నీరులా పాకుతున్న మరో ప్రమాదం తెల్లబడే క్రీములు. సంబంధాలు చూడటం మొదలుపెడితే చాలు, అమ్మాయి ముఖానికి ఏదో ఒక ట్యూబు తెస్తారు. వీటిలో కొన్నింటిలో స్టీరాయిడ్లు ఉంటాయి. మొదట ముఖం నిగనిగలాడుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు మొదలవుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టీరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానక, చర్మవైద్యుణ్ణి సంప్రదించాలి.

అసలు నలుపు లోపం కాదు. చర్మంలో రంగు తయారుచేసే కణాల సంఖ్య అందరిలో దాదాపు ఒకటే. అవి తయారుచేసే మెలనిన్ పరిమాణం, రకంలోనే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే గొడుగు ఈ మెలనిన్. మనుషుల రంగుల్లోని వైవిధ్యాన్ని అల్లాహ్ తన సూచనల్లో ఒకటిగా పేర్కొన్నాడు (రూమ్ సూరా, 22వ ఆయత్). ఆ సూచనను చెరిపేయాలని బిడ్డ ముఖాన్ని పుండు చేయటం ఎంతవరకు సమంజసం?

బజారులో దొరికే నల్ల మెహందీతోనూ జాగ్రత్త అవసరం. అసలు గోరింటాకు నల్లగా పండదు. నలుపు కోసం అందులో పి.పి.డి. అనే జుట్టురంగు రసాయనం కలుపుతారు. అది కొందరికి బొబ్బలు తెప్పిస్తుంది. ఒకసారి పడకపోతే ఆ తరువాత జుట్టురంగు కూడా పడదు.

శరీరానికీ మనపై హక్కు ఉందని ప్రవక్త (స) బోధ. మన ఒళ్ళు మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. అమానత్‌ను ఇచ్చిన రూపంలో భద్రంగా చూసుకోవాలి గాని, రంగు మార్చి పాడుచేసుకోకూడదు. ఈ జుమా నాడు గుసుల్ చేసేటప్పుడు మన పాదాలను, మన పెద్దల పాదాలను ఒకసారి పరీక్షగా చూద్దాం. ఇంట్లో పిల్లలు వాడే ట్యూబుల మీద ఏం రాసి ఉందో చదువుదాం.