తెరకు ముందు పుస్తకం

ఒక రచన చలనచిత్రంగా రానున్నదని తెలియగానే పాఠకలోకం రెండు తెగలుగా చీలిపోతుంది. మూలాన్ని ముందే చదివి తెర కోసం ఎదురుచూసేవారు కొందరు; తెరమీద చూసిన తరువాతనే పుస్తకం వైపు దృష్టి సారించేవారు మరికొందరు. బెల్జియం చిత్రకారుడు హెర్జే 1929లో ప్రారంభించిన టిన్‌టిన్ బొమ్మల కథలు 2011లో స్పీల్‌బర్గ్ దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చాయి. బొమ్మలలో ఆ యువ విలేకరిని ఎరిగినవారికీ, తెరమీదనే తొలిసారి చూసినవారికీ కలిగే అనుభవం ఒకటి కాదు. హాస్యరచనల విషయంలో ఈ భేదం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇందుకు తెలుగులో చక్కని ఉదాహరణ గురజాడ అప్పారావు రచించిన ‘కన్యాశుల్కం’.

మాంగనీసు గనులకూ, ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారానికీ పేరుగాంచిన గరివిడి ప్రాంత విద్యార్థులకు ఈ నాటకం పరాయిది కాదు. 1862లో జన్మించిన గురజాడ ప్రాథమిక విద్య గరివిడికి పొరుగుననే ఉన్న చీపురుపల్లిలో సాగింది. నాటకం ఆరంభమయ్యేది విజయనగరంలోని బొంకులదిబ్బ వద్ద. పాత్రల నోట వినిపించేది ఈ ప్రాంతపు వాడుకభాష. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకం 1897లో ముద్రణ పొందింది. గురజాడ దానిని ఎంతగానో పెంచి, మార్చి 1909లో రెండవ కూర్పును ప్రకటించారు. నేడు మనం చదువుతున్నది ఏడంకాల ఆ రెండవ కూర్పునే.

నవ్వు పుట్టించే ఈ నాటకం వెనుక గుండె తరుక్కుపోయే వాస్తవమున్నది. ఆనాటి విశాఖపట్టణం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్కవివాహాల పట్టికను విజయనగరం మహారాజు ఆనందగజపతి తయారు చేయించారు. మూడేండ్లలో అటువంటి వివాహాలు 1034 జరిగినట్లు, అంటే ఏడాదికి సగటున 344 అన్నట్లు, గురజాడ మొదటి కూర్పు పీఠికలో తెలిపారు. ఆ వధువులలో అయిదేండ్లవారు 99 మంది. ఏడాది నిండిన పసికందులు సైతం ముగ్గురున్నారు. అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు అమ్మజూపడం, పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై పుట్టింట ఉండడం కేవలం కల్పనలు కావు. ఆ పట్టికలోని అంకెలకు రక్తమాంసాలు తొడిగిన రూపాలు.

ఈ నాటకం 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో చలనచిత్రమయింది. గిరీశంగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, లుబ్ధావధానులుగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. రెండవ కూర్పు వెలువడిన 46 ఏండ్ల తరువాత వచ్చిన ఈ చిత్రాన్ని చూడబోయినవారిలో నాటకం చదివినవారి మనసులో అప్పటికే ఒక గిరీశం ఉన్నాడు. చదవనివారికి మాత్రం రామారావే గిరీశం.

ఈ భేదం చిన్నది కాదు. చదివేటప్పుడు గిరీశం ముఖాన్ని, గొంతును, నడకను పాఠకుడే ఊహించుకోవాలి. అతడు పైకి ఆడే మాటకూ స్వగతంలో వేసుకొనే పన్నాగానికీ మధ్యనున్న దూరాన్ని పాఠకుడే కొలుచుకోవాలి. ఆ కొలతలోనే హాస్యం పుడుతుంది. తెరమీద ఆ పని నటుడు చేసిపెడతాడు. పైగా జనాదరణ గల కథానాయకుడు ఆ వేషం ధరిస్తే, వితంతు వివాహం పేరు చెప్పి బుచ్చమ్మను లేవదీసుకుపోయిన మోసగాని పట్ల కూడా ప్రేక్షకునికి మమకారం కలగవచ్చు. మూలం చదివినవాడు ఈ ప్రమాదాన్ని గుర్తించగలుగుతాడు. నాటకం ముగింపులో మధురవాణి వల్ల గిరీశం నిజస్వరూపం సౌజన్యారావు పంతులు ఎదుట బయటపడుతుందనీ, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుందనీ అతనికి తెలుసు.

అయితే చలనచిత్రం మూలాన్ని కుదించడమే గాక కొన్నింటిని చేర్చుతుంది కూడా. గంటల తరబడి సాగే నాటకాన్ని ఒక ఆటకు సరిపడే నిడివికి తేవాలంటే సంభాషణలు తగ్గక తప్పదు. పాటలకు చోటు కల్పించకా తప్పదు. ఘంటసాల సంగీతం సమకూర్చిన ఈ చిత్రంలో నాటకంలో లేని పూర్ణమ్మ గాథ చోటు చేసుకొన్నది. ముసలివానికి అమ్ముడుపోయి ప్రాణత్యాగం చేసుకొన్న బాలికను గూర్చి గురజాడయే విడిగా రచించిన కథాకావ్యమది. ఒకే దురాచారాన్ని గురజాడ నాటకంలో నవ్విస్తూ, కావ్యంలో ఏడిపిస్తూ చూపారు. ఆ రెంటినీ చిత్రం ఒకచోటికి తెచ్చింది. ఈ కూర్పులోని ఔచిత్యం రెండు రచనలను చదివినవానికే పూర్తిగా బోధపడుతుంది. పూర్ణమ్మ కూడా నాటకంలోని పాత్రయే అని మిగిలినవారు పొరబడవచ్చు.

ఇంతమాత్రం చేత పుస్తకం గొప్పది, చలనచిత్రం తక్కువది అని తీర్మానించరాదు. మధురవాణి చమత్కారానికి సావిత్రి కన్నులు ఇచ్చిన వెలుగు అచ్చులో లభించదు. ఏ ప్రక్రియకు ఉన్న బలం దానిది. కాని చూసినదానిని చెరిపివేసి కొత్తగా ఊహించడం కష్టం. ఊహించినదానిని తెరతో పోల్చి చూడడం సులభం. ముందుగా చదవమని చెప్పడంలోని అంతరార్థం ఇదే.

గరివిడి విద్యార్థి ‘కన్యాశుల్కం’ తెరచినప్పుడు అందులోని పలుకు తన అవ్వ పలుకులా వినిపించవచ్చు. ఆ పలుకుకు నవ్వుకొంటూనే సుబ్బి వయసు ఎంత అని ఒక్కసారి ప్రశ్నించుకొంటే, పీఠికలోని 1034 మంది బాలికలు కనులముందు నిలుస్తారు. అటువంటి పాఠకుడే తరువాత చిత్రాన్ని చూసినప్పుడు ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నవ్వు ఆపుకోవాలో తెలుసుకోగలుగుతాడు.