పలకపై అంకె

ఆమదాలవలసలో రైలు దిగువారు స్టేషను పలకపై ‘శ్రీకాకుళం రోడ్’ అని చదువుకొందురు. పలకపై పేరొకటి, కాలుమోపిన ఊరొకటి. ఇంటింటికి ఇంటర్నెట్టు అమ్మువారి పలకలును ఇట్టివే. నెలకు మరికొంత సొమ్ము పోసి పెద్ద ప్లానునకు మారవలెనా యను తర్జనభర్జన నేడు ఉపాధ్యాయుల యిండ్లలో తరచు వినబడుచున్నది. ముందుగా ఆ అంకెను విప్పి చూతము.

ఎనిమిది బిట్లు కలిసిన నొక బైటు. కావున సెకనుకు 100 మెగాబిట్లనగా పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. 300 మెగాబైట్ల పాఠము దిగుటకు లెక్క ప్రకారము 24 సెకనులు పట్టును. 50 మెగాబిట్ల ప్లానులో 48. నెలకు రెండువందలు హెచ్చించినచో, 18 శాతము పన్నుతో కలిసి ఏడాదికి 2,832 రూపాయలగును. చిన్న జీతగానికిది అల్పము కాదు. ముఖాముఖి తరగతికో, మూడు నాలుగు మెగాబిట్లు చాలును.

మరి పాఠము మధ్యలో బొమ్మ ఏల బిగుసుకొనును? పలుమారులు దోషము తీగలో లేదు, గోడలో నున్నది. 5 గిగాహెర్ట్జుల తరంగము వేగవంతమే గాని గోడకు లొంగును, 2.4 తరంగము మందగామియైనను గోడ దాటును. నా సహోద్యోగి యొకరు వీధిగదిలోని రౌటరును నట్టింటికి మార్పించిరి. పెరటిగదిలో చదువుకొను వారి కుమార్తెకు తరగతి తెగుట మానినది. ప్లాను పాతదే.

రౌటరుకు వైరుతో కంప్యూటరును కలిపి, రాత్రి ఎనిమిది గంటలకు వేగము కొలిచి చూడుడు. అప్పుడును తగ్గినచో, వీధిలోని పలు గృహములు ఒకే ఫైబరును పంచుకొనుట కారణము కావచ్చును. అట్టి రద్దీ మన ప్లాను మార్చినంతనే తీరునన్న పూచీ లేదు.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టును జాతికి అంకిత మొనర్చిరి. నాడు నెలకు 149 రూపాయలకే టెలివిజను, ఫోను, ఇంటర్నెట్టు అన్నారు. ఫైబరును విద్యుత్ స్తంభములపై లాగుటచే ఖర్చు తగ్గినది. మరుసటి యేడు అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి, మన జిల్లాలో స్తంభములను వేలకొలది కూల్చినది. స్తంభము కూలిన నాడు 15 మెగాబిట్ల ఇల్లును, 300 మెగాబిట్ల ఇల్లును ఒక్కటే!

ప్లాను మార్చక తప్పనిది ఒక్క సందర్భమున. కొన్ని ప్లానులలో నెలకింత డేటా యని పరిమితి యుండును. అది దాటినంతనే వేగము నత్తనడకకు దిగును. ఇరువది తేదీకే పరిమితి తీరి, నెలాఖరున పిల్లల పరీక్షలున్నచో, వెనుకాడక మార్చవలెను. ఆ వినియోగపు లెక్క మన ఖాతాలో తేదీలవారీగా దొరకును. మూడు నెలలది తీసి చూచినచో చాలును.