మూలన పడ్డ మిషను మళ్ళీ మోగింది

ఒక చెక్క పలక తీసుకోండి. దాని మీద అక్కడక్కడ మేకులు కొట్టండి. పలకను కొంచెం వాలుగా పెట్టండి. పైనుంచి ఒక గోలీ వదలండి.

గోలీ తిన్నగా కిందికి రాదు. ఒక మేకుకు తగిలి ఇటు పోతుంది. ఇంకో మేకుకు తగిలి అటు పోతుంది. ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. చూస్తున్న వాళ్ళకు కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు.

ఈ చిన్న సంగతి మీద అమెరికా దేశంలో ఒక పెద్ద పరిశ్రమే నడిచింది. ఎందరికో కూడు పెట్టింది. తర్వాత కూలిపోయింది. ఆ ఆట పేరు పిన్‌బాల్. పిన్ అంటే మేకు. బాల్ అంటే బంతి. ఆ పరిశ్రమ ఎట్లా పెరిగింది? ఎందుకు పడిపోయింది? మూలన పడ్డ పాత మిషన్లను ఈనాడు కొందరు ఎట్లా బాగు చేస్తున్నారు? తెలుసుకుందాం.

పైసా ఆట

1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన అమెరికాలో ఈ ఆటకు ఒక కొత్త హంగు చేర్చాడు. గోలీని స్ప్రింగుతో తన్నే ఏర్పాటు చేశాడు. పిడిని వెనక్కి లాగి వదిలితే చాలు, గోలీ పైకి దూసుకుపోతుంది. దానికి హక్కు పత్రం కూడా తీసుకున్నాడు.

అసలు గిరాకీ వచ్చింది 1930 తర్వాత. అప్పుడు అమెరికాలో గడ్డుకాలం. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పనుల్లేవు. చేతిలో డబ్బు లేదు. 1931లో చికాగో నగరంలో డేవిడ్ గాట్లీబ్ అనే వ్యాపారి ‘బాఫుల్ బాల్’ అనే మిషను తెచ్చాడు. అందులో ఒక సెంటు నాణెం వేస్తే కొన్ని గోలీలు వచ్చేవి. సెంటు అంటే డాలరులో నూరో వంతు. పైసా ఖర్చుతో కాసేపు బాధ మరచిపోవచ్చు. జనం ఎగబడ్డారు. ఆ మిషన్లు సుమారు 50,000 అమ్ముడుపోయాయి.

గాట్లీబ్‌ను చూసి మరికొందరు కంపెనీలు పెట్టారు. బాలీ, విలియమ్స్ అనేవి వాటిలో పెద్దవి. పిన్‌బాల్ అంటే చికాగో, చికాగో అంటే పిన్‌బాల్ అన్నట్టు అయింది.

సమ్మెట దెబ్బలు

అందరికీ ఈ ఆట నచ్చలేదు. ఆ రోజుల్లో గోలీ ఎటు పోవాలో ఆడేవాడి చేతిలో లేదు. అంతా అదృష్టమే. కొన్ని మిషన్లు గెలిచిన వాళ్ళకు డబ్బు కూడా ఇచ్చేవి. ‘ఇది ఆట కాదు, జూదం. పిల్లలు తిండి కోసం ఇచ్చిన డబ్బులు ఇందులో పోస్తున్నారు’ అని పెద్దలు మండిపడ్డారు.

1942లో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ను నిషేధించింది. ఆ నగర మేయరు లా గార్డియా. ఆయన స్వయంగా సమ్మెట పట్టుకుని మిషన్లు పగలగొట్టాడు. పత్రికలవాళ్ళు ఫొటోలు తీశారు. లాస్ ఏంజెలెస్, చికాగో నగరాల్లో కూడా నిషేధం వచ్చింది. చూడండి విచిత్రం! మిషన్లు తయారయ్యేది చికాగోలో. ఆ ఊళ్ళోనే ఆడితే నేరం.

1947లో ఆట మారిపోయింది. గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ అనే మిషను తెచ్చింది. దానికి ఆరు చిన్న రెక్కలు ఉన్నాయి. వాటిని ఫ్లిప్పర్లు అంటారు. మిషను పక్కనున్న బొత్తాం నొక్కితే రెక్క లేచి గోలీని పైకి కొడుతుంది. ఇక గోలీ కింద పడిపోతుంటే చూస్తూ ఊరుకోనక్కరలేదు. కాపాడుకోవచ్చు. నేర్పు ఉంటే ఎంతసేపైనా ఆడవచ్చు.

అయినా చట్టం మారడానికి దాదాపు 30 ఏళ్ళు పట్టింది. 1976లో న్యూయార్క్ నగర సభ్యుల ముందు రోజర్ షార్ప్ అనే యువకుడు మిషను ఆడి చూపించాడు. గోలీ ఏ దారిన పోతుందో ముందే చెప్పి, అదే దారిన పంపాడు. ఇది అదృష్టం కాదు, నేర్పు అని సభ్యులు ఒప్పుకున్నారు. నిషేధం ఎత్తేశారు.

తీగలు కట్టిన చేతులు

పిన్‌బాల్ మిషను పైకి రంగుల బొమ్మలతో మెరుస్తుంది. ఆట పలక ఎత్తి కిందికి చూస్తే మాత్రం వేరే లోకం. ఎన్నో తీగలు, స్విచ్చీలు, రాగి తీగ చుట్టలు.

ఆ తీగలు ఎవరు కట్టారు? చికాగో ఫ్యాక్టరీలలో ఎంతోమంది ఆడవాళ్ళు ఈ పని చేసేవారు. ఒక పెద్ద బల్ల మీద మేకులు కొట్టి ఉంటాయి. ఆ మేకుల వెంబడి రంగు రంగుల తీగలు పరుస్తారు. తర్వాత వాటిని కలిపి కట్టగా కడతారు. ఒక్కో తీగ కొసను దాని చోటులో పెట్టి టంకం వేస్తారు. ఏ రంగు తీగ ఎక్కడికి పోవాలో తప్పకూడదు. ఒక్క తీగ తప్పితే మిషను పలకదు.

ఆ ఆడవాళ్ళ పేర్లు మిషను మీద ఎక్కడా ఉండవు. బొమ్మ మీద ఉండేది కంపెనీ పేరే. కానీ వాళ్ళు వేసిన టంకం 50, 60 ఏళ్ళ తర్వాత కూడా చాలా మిషన్లలో గట్టిగా ఉంది.

ఎందుకు పడిపోయింది?

ఈ మిషన్లను కొని, టీ కొట్టులాంటి చోట్ల, సారా దుకాణాల్లో పెట్టే వ్యాపారులు ఉండేవారు. వచ్చిన నాణేలను దుకాణదారూ, వ్యాపారీ పంచుకునేవారు. మిషను చెడిపోతే బాగు చేయించే బాధ్యత వ్యాపారిది.

1978లో జపాన్ దేశంలో ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే వీడియో ఆట వచ్చింది. 1980లో ‘పాక్‌మాన్’ వచ్చింది. వీడియో ఆటలో టీవీ లాంటి తెర ఉంటుంది. కదిలే భాగాలు చాలా తక్కువ. అరిగేదీ విరిగేదీ పెద్దగా ఉండదు. పిన్‌బాల్ అట్లా కాదు. 80 గ్రాముల ఉక్కు గోలీ రోజంతా లోపల అన్నిటినీ కొడుతూనే ఉంటుంది. రబ్బర్లు తెగుతాయి. బల్బులు మాడిపోతాయి. వారం వారం ఎవరో ఒకరు తలుపు తీసి చూడాలి.

వ్యాపారి లెక్క వేసుకున్నాడు. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ ఉన్నది వీడియో మిషను. పిన్‌బాల్ మిషన్లు ఒక్కొక్కటే మూలకు చేరాయి. కొన్నాళ్ళకు వీడియో ఆటలు ఇళ్ళలోకే వచ్చేశాయి. నాణెం పట్టుకుని దుకాణానికి పోయే అవసరమే తగ్గిపోయింది.

దీపం ఆరే ముందు ఒకసారి బాగా వెలుగుతుంది అంటారు. 1992లో ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ అనే మిషను వచ్చింది. అది 20,270 అమ్ముడుపోయింది. ఆ తర్వాత గిరాకీ జారిపోయింది. గాట్లీబ్ పేరుతో మిషన్లు చేసే కంపెనీ 1996లో మూతపడింది. 1999 అక్టోబరులో విలియమ్స్ కంపెనీ తన పిన్‌బాల్ విభాగాన్ని మూసేసింది. జూదశాలల్లో పెట్టే మిషన్ల వ్యాపారం మీద దృష్టి పెట్టింది.

పిన్‌బాల్ ‘నేను జూదం కాదు’ అని రుజువు చేసుకోవడానికి ముప్పై ఏళ్ళు పోరాడింది. చివరికి అసలైన జూదం మిషన్లకు చోటిచ్చి తప్పుకుంది. తీగలు కట్టే చేతులకూ, టంకం వేసే చేతులకూ పని పోయింది. చికాగో దగ్గర స్టెర్న్ అనే ఒక్క పెద్ద కంపెనీ మిగిలింది.

మిషనుకు వైద్యం

పాత మిషన్లు ఏమయ్యాయి? కొన్నిటిని చెత్తలో పారేశారు. కొన్ని ఇళ్ళ కింది గదుల్లో, గోదాముల్లో ఉండిపోయాయి. వాటి మీద ఇష్టం ఉన్నవాళ్ళు వెతికి తెచ్చి బాగు చేయడం మొదలుపెట్టారు. ఆ పని ఎట్లా చేస్తారో చూడండి.

మొదటి నియమం: మిషను రాగానే కరెంటు పెట్టకూడదు. ఎన్నో ఏళ్ళుగా మూలన పడి ఉంది. ఎలుకలు గూడు కట్టి ఉండవచ్చు. తీగల మీది తొడుగు ఊడిపోయి ఉండవచ్చు. ముందు దుమ్ము దులపాలి. కళ్ళతో అంతా చూడాలి.

రెండోది ఫ్యూజు. ఇదివరకు ఎవరో ఫ్యూజు మాడిపోతే దాని బదులు లావు ఫ్యూజు వేసి ఉంటారు. అప్పటికి మిషను ఆడింది. కానీ లోపల తీగ కాలినా ఆ ఫ్యూజు తెగదు. నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే సరైన ఫ్యూజు వేసిన తర్వాతే కరెంటు పెడతారు. ఈ మాట మన ఇంటి కరెంటుకూ వర్తిస్తుంది.

మూడోది స్విచ్చీలు. పాత మిషనులో కంప్యూటరు లేదు. లెక్క కట్టేది స్విచ్చీలే. స్విచ్చి అంటే పక్కపక్కనే ఉండే సన్నని లోహపు రేకులు. అవి తాకితే కరెంటు పారుతుంది. విడిపోతే ఆగుతుంది. రేకుల కొసలకు మురికి పడితే తాకినా కరెంటు పారదు. ఒక్కో స్విచ్చిని మెత్తని ఆకురాయితో రెండు మూడుసార్లు రుద్దుతారు. రేకు వంగిపోతే సరిచేస్తారు. ఒక మిషనులో ఇట్లాంటివి వందల్లో ఉంటాయి. బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపిక కావాలి.

నాలుగోది రెక్కలు. బొత్తాం నొక్కగానే తీగ చుట్టలో కరెంటు పారుతుంది. అది అయస్కాంతం అవుతుంది. ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ రెక్కను లేపుతుంది. రెక్క పైకి లేవగానే ఒక చిన్న స్విచ్చి కరెంటు జోరు తగ్గిస్తుంది. ఆ చిన్న స్విచ్చి చెడిపోతే జోరు తగ్గదు. చుట్ట వేడెక్కి కాలిపోతుంది. తెలియనివాళ్ళు చుట్ట ఒక్కటే మారుస్తారు. మళ్ళీ కాలుతుంది. తెలిసినవాళ్ళు ముందు స్విచ్చిని చూస్తారు.

ఐదోది బొమ్మలు. వెనక నిలబడి ఉండే అద్దానికి లోపలివైపు బొమ్మ వేసి ఉంటుంది. వేడికీ చెమ్మకూ ఆ రంగు పొరలు పొరలుగా లేస్తుంది. దాన్ని తడి గుడ్డతో తుడిచారా, బొమ్మ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. ముందు లేచిన రంగును నిలబెట్టాలి. తర్వాతే పోయిన చోట రంగు అద్దాలి.

1977 ప్రాంతం నుంచి కంప్యూటరు పలకలున్న మిషన్లు వచ్చాయి. వాటిలో బ్యాటరీ ఉంటుంది. పాతబడిన బ్యాటరీ కారి పలకను తినేస్తుంది. అందుకే ఆ మిషను దొరకగానే ముందు బ్యాటరీ తీసేస్తారు.

కాగితం చెప్పే మాట

ఎన్ని పనిముట్లున్నా ఒకటి లేకపోతే ఈ వైద్యం సాగదు. అది కాగితం. కంపెనీ ప్రతి మిషనుతో పాటు తీగల పటం ఇచ్చేది. పెద్ద కాగితం, దాని నిండా గీతలు, గుర్తులు. ఏ స్విచ్చి నుంచి ఏ చుట్టకు కరెంటు పోతుందో, ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో అందులో ఉంటుంది. చాలామంది ఆ కాగితాన్ని మిషను లోపలే మడిచి పెట్టేవారు.

కొత్తగా చూసినవాళ్ళకు ఆ పటం పిచ్చిగీతల్లా ఉంటుంది. గుర్తులు ఒక్కొక్కటే నేర్చుకుంటే అది మాట్లాడుతుంది. ‘ఇక్కడ కరెంటు ఆగింది. ఎర్ర తీగ పట్టుకుని పో’ అని దారి చూపిస్తుంది. తీగ కట్టిన ఆమె ఎవరో తెలియదు. బాగు చేసే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ ఆమె చేసిన పని, కాగితం మీద ఉన్న గీత ఒకదానికొకటి సరిపోతాయి. అందుకే మిషను మళ్ళీ లేస్తుంది.

మళ్ళీ మోగింది

ఈనాడు అమెరికాలో లాస్ వేగస్, ఆలమేడా ఊళ్ళలో పిన్‌బాల్ మ్యూజియంలు ఉన్నాయి. అక్కడ మిషన్లను అద్దాల వెనక దాచిపెట్టలేదు. వచ్చినవాళ్ళు ఆడవచ్చు. ఆడితే అరుగుతాయి. అరిగితే మళ్ళీ బాగు చేస్తారు. వాడకపోతే కుట్టుమిషను కూడా బిగుసుకుపోతుంది కదా.

జనానికి మళ్ళీ ఆసక్తి పెరిగింది. స్టెర్న్‌కు తోడు కొత్త కంపెనీలు కూడా వచ్చాయి. పరిశ్రమ పాత రోజులంత పెద్దది కాదు. కానీ చచ్చిపోలేదు.

ఒక వస్తువు పాతబడినంత మాత్రాన చచ్చిపోదు. దాన్ని బాగు చేయడం తెలిసిన చివరి మనిషి పోయినప్పుడు చస్తుంది. ఆ మనిషి తనకు తెలిసింది ఇంకొకరికి నేర్పితే, కాగితం మీద రాసి పెడితే, అది బతుకుతుంది.

ఆలోచించండి

1. ఫ్యూజు మాడిపోతే లావు ఫ్యూజు ఎందుకు వేయకూడదు?
2. పిన్‌బాల్ కంటే వీడియో ఆటలు వ్యాపారులకు ఎందుకు నచ్చాయి?
3. మీ ఊళ్ళో ఏ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు? ఆ పని గురించి వాళ్ళను అడిగి నాలుగు మాటలు రాయండి.