అవ్వతో బాసరకు.. దారిలో దేవగిరి

ఫాక్‌లాండ్ రోడ్: ‘‘బాసర దాకా తీస్కపో బిడ్డా, గోదారిల ఒక్క మునుగు మునుగుత’’.. కామాఠిపుర చాల్‌లలో ఏ అవ్వను కదిపినా ఇదే మాట. రాళ్లు మోసి ముంబైలో ఇళ్లు కట్టిన కామాఠీల ఇంటి పెద్దలు వీళ్లు. మనవలకు మరాఠీ, హిందీ నోటినిండా వచ్చు. తెలుగు చదవడమే రాదు. ఊరి ముచ్చట్లు అవ్వతోనే ఆగిపోతాయేమోనని ఇళ్లల్లో దిగులు.

సీఎస్‌ఎంటీలో రాత్రి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున బాసర. 2020 మార్చిలో వృద్ధుల టికెట్ రాయితీ ఆగింది గానీ, కింది బెర్త్ కోటా ఉంది. టికెట్ తీసేటప్పుడే అడగాలి.

మధ్యలో ఔరంగాబాద్‌ (2023 నుంచి ఛత్రపతి శంభాజీనగర్‌)లో దిగితే సుమారు 30 కిలోమీటర్లలో ఎల్లోరా. మంగళవారం సెలవు. కొండను పైనుంచి కిందికి తొలిచిన కైలాస ఆలయ ప్రాంగణంలో అవ్వ మెల్లగా నడవొచ్చు. దగ్గర్లోనే ఘృష్ణేశ్వర జ్యోతిర్లింగం. దౌలతాబాద్ కోట మాత్రం మోకాళ్లకు పరీక్షే! వందల మెట్లు, చీకటి సొరంగం. కాకతీయ గణపతిదేవుణ్ని బందీ చేసిన యాదవుల రాజధాని, అలనాటి దేవగిరి ఇదే. అవ్వను కింద నీడన కూర్చోబెట్టి ఆ కథ చెప్పినా చాలు.

బాసరలో మునిమనవడికి అక్షరాభ్యాసం చేయిస్తే పలక మీద తొలి అక్షరం తెలుగులో పడుతుంది. స్నానఘట్టం మెట్లు తడిస్తే జారతాయి. చెంబుతో పోస్తామంటే అవ్వ వినదు. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకోవాల్సిందే.