హెదర్ మొక్క మన ఉక్కకు ఆగుతుందా?

చలిదేశపు పూలమొక్కను బొమ్మ చూసి మోజుపడి కొంటాం. రెండు నెలలు తిరక్కుండానే అది ఎండిపోతే డబ్బూ పోయె, శ్రమా పోయె. హెదర్, హీత్ జాతి మొక్కలు తెప్పించాలనుకునే కడియం ప్రాంత నర్సరీ రైతులు, మిద్దెతోటల వారు ముందు ఈ సంగతులు గమనించాలి.

హెదర్ స్కాట్లండ్ కొండ బీళ్ళలో పెరిగే పొద. హీత్‌లో 800కు పైగా రకాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతానివే. ఇవి సున్నం లేని పుల్లనేలలు కోరతాయి. ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 వరకు ఉంటే మేలు. మన నల్లరేగళ్ళు, సున్నం ఉన్న బోరు నీళ్ళు వీటికి పడవు.

మొక్క ఎండకే చచ్చిందని చాలామంది అనుకుంటారు. అసలు దెబ్బ వేరు దగ్గరే. వేళ్ళు వెంట్రుకల్లా సన్నగా పైపైనే ఉంటాయి. వేడిగా, తడిగా ఉన్న మట్టిలో ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు తెగులు వీటిని తినేస్తుంది. అప్పుడు కొమ్మల కొసలు వాలి, ఆకు బూడిదరంగుకు తిరుగుతుంది. దాహమేమోనని మరిన్ని నీళ్ళు పోస్తాం. దాంతో కుళ్ళు ఇంకా ముదురుతుంది. మొదలు దగ్గర బెరడు గీకి చూడండి. లోపల గోధుమరంగు ఉంటే ఆ మొక్క కోలుకోవడం కష్టం.

అయినా పెంచి చూస్తామంటే మట్టికుండీలో కడిగిన కొబ్బరిపొట్టు, ముతక ఇసుక కలిపి నాటండి. పశువుల ఎరువు వద్దు. ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ, గాలి ఉండాలి. నిల్వచేసిన వాననీరు మొదట్లోనే పోయాలి. మట్టి పూర్తిగా ఆరనివ్వొద్దు, నీరు నిలవనివ్వొద్దు. కొంత వేడికి ఓర్చేది డార్లియెన్సిస్ రకం. అదైనా మనకు చలికాలపు పూలమొక్క కిందే లెక్క.

ఏడాది పొడవునా అలాంటి పూలే కావాలంటే మెక్సికన్ హెదర్ పేరుతో అమ్మే కుఫియా ఉంది. పేరే గాని ఇది హెదర్ జాతి కాదు. మెక్సికో, గ్వాటెమాలా మొక్క కాబట్టి ఉక్కకు తట్టుకుంటుంది. అడుగు, రెండడుగుల ఎత్తు పెరిగి ఊదా, గులాబి, తెలుపు పూలిస్తుంది. మూడంగుళాల కొస కత్తిరింపులు తడి ఇసుకలో సులువుగా వేళ్ళు పోస్తాయి.

కాబట్టి హెదర్ అని చెప్పగానే డబ్బివ్వకండి. ఏ హెదరో అడిగి కొనండి. అమ్మే రైతులు కూడా ఆ ముక్క ముందే చెబితే కొన్నవారు మళ్ళీ మీ దగ్గరికే వస్తారు.