రెక్క ఆడాలంటే

"రెక్కాడితే గానీ డొక్కాడదు" అనే సామెతను పరీక్షల్లో ఎన్నిసార్లు రాసుంటామో! దాని అర్థం నాకు నిజంగా తెలిసింది మా అమ్మ కుడి చెయ్యి పైకి లేవనప్పుడే. బ్రూస్‌పేటలో మా ఇంట్లోనే అమ్మ మిషన్ మీద జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. జడ వేసుకోలేక, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేక మూడు నెలలు ఓర్చుకుంది.

డాక్టరమ్మ చూసి 'ఫ్రోజన్ షోల్డర్' అన్నారు. కన్నడంలో 'హెప్పుగట్టిద భుజ' అన్నాక అమ్మకు అర్థమైంది. పేరుకున్న నెయ్యిలా భుజం గడ్డకట్టిందన్నమాట. 1934లో ఈ పేరు పెట్టింది కాడ్‌మన్ అనే అమెరికా డాక్టరు. కీలు చుట్టూ సంచిలా ఉండే పొర వాచి, మందమై, బిగుసుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్ల వయసులో ఎక్కువగా వస్తుంది. అందులోనూ ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. అమ్మకు ఈ మూడూ వర్తిస్తాయి.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పారు: కీలులోకి స్టెరాయిడ్ సూది, లేదా నర్వ్ బ్లాక్. ఇంటికి రాగానే పక్కింటి అత్త, "స్టెరాయిడా? వద్దే తల్లీ, ఎముకలు గుల్లైపోతాయంట! నరానికి సూదేస్తే చెయ్యే పడిపోతుందంట!" అనింది. అమ్మ రెండూ వద్దనేసింది. అందుకే నేను మళ్లీ వెళ్లి అన్నీ అడిగి తెలుసుకున్నాను.

స్టెరాయిడ్ సూది వాపును తగ్గిస్తుంది. నొప్పి బాగా ఉన్న తొలి దశలో ఎక్కువ పనిచేస్తుంది. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఊరట ఉంటుంది. ఇది జిమ్ కుర్రాళ్లు కండల కోసం వాడే స్టెరాయిడ్ కాదు. ఒకటి రెండు సూదులతో ఎముకలు గుల్లకావు. కానీ మాటిమాటికీ వేయించుకోకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు కొన్నాళ్లపాటు షుగర్ పెరుగుతుంది.

నర్వ్ బ్లాక్‌లో సూది కీలులోకి పోదు. మెడ నుంచి వచ్చే ఒక నరం రెక్క ఎముక పైఅంచున చిన్న గాడిలోంచి దూరి భుజానికి వస్తుంది. కీలు నొప్పిలో సుమారు 70 శాతం కబురు మోసేది ఆ నరమే. దాని పక్కన మత్తుమందు వేస్తారు. నరాన్ని కోయరు. చెయ్యి కొన్ని గంటలు బరువుగా ఉండి మళ్లీ మామూలవుతుంది. తిమ్మిరి పోయినా నొప్పి తగ్గుదల చాలామందికి రోజులు, వారాలు నిలుస్తుంది. ఊపిరితిత్తికి సూది తగిలే ప్రమాదం చాలా అరుదు. స్కానింగ్‌లో చూస్తూ వేస్తే అది ఇంకా తగ్గుతుంది. ఈ మందులోనూ స్టెరాయిడ్ కలిపే పద్ధతి ఉంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ముందే అడగాలి.

అంటే ఒకటి మంటను ఆర్పుతుంది, ఇంకొకటి మంట కబురును ఆపుతుంది. బిగుసుకున్న పొరను సాగదీసేది మాత్రం వ్యాయామమే. నొప్పి లేని ఆ కొద్దికాలంలో చెయ్యి ఆడించకపోతే ఏ సూదైనా దండగే.

అమ్మ షుగర్ అప్పటికే ఎక్కువగా ఉండడంతో డాక్టరమ్మ స్టెరాయిడ్ కలపని నర్వ్ బ్లాక్ వేశారు. ఇంకొకరికి స్టెరాయిడే సరిపోవచ్చు. అది వాళ్ల డాక్టరు చూసి చెప్పాల్సిన మాట. అమ్మ రోజూ గోడకు వేళ్లు ఆనించి పైకి పాకిస్తోంది. చెయ్యి చేరిన చోటల్లా నేను పెన్సిల్‌తో గీత పెడుతున్నాను. నిన్నటి గీత కిటికీ పైఅంచు దాటింది. జడ ఇంకా నేనే వేస్తున్నాను గానీ, పూలు మాత్రం తానే పెట్టుకుంటోంది.